నాలుగు రోజులు రాలేదు, ఒక్కరూ అడగలేదు

ఏడోసి_మిస్
శుక్రవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. చెన్నైలో పెరంబూరు వైపు ఒక ఎయిడెడ్ స్కూల్లో ఏడో తరగతి సి సెక్షన్‌కి క్లాస్ టీచర్ని. సైన్సు చెప్తాను. క్లాసులో 43 మంది. సగానికి పైగా తమిళ పిల్లలు, ఓ పదకొండు మంది ఇంట్లో తెలుగు, మిగతావాళ్ళు ఉర్దూ, హిందీ. ఈ రోజు జరిగింది ఎవరికైనా చెప్పుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

పొద్దున ఫస్ట్ పీరియడ్ మొదలవుతుంటే ఒక పిల్ల తలుపు దగ్గరే నిలబడి, "మిస్, నాలుగు రోజులు రాలేదు కదా, లెటర్ ఎవరికియ్యాలి?" అంది. నాలుగు రోజులా! నాకు నిజంగా తెలియలేదు. రిజిస్టర్ తీసి చూశాను. సోమ, మంగళ, బుధ, గురు, నాలుగు గళ్ళలోనూ ఆబ్సెంట్. నా చేతిరాతే. నంబర్ పిలవడం, జవాబు రాకపోతే గుర్తు పెట్టడం, తర్వాతి నంబర్‌కి పోవడం. చెయ్యి రాసింది, బుర్రకెక్కలేదు.

పక్కన కూర్చునే అమ్మాయిని అడిగాను. "వచ్చిందనుకున్నా మిస్" అంది. అబద్ధమాడుతున్నట్టు లేదు. నిజంగానే అనుకుంది.

వాళ్ళ అమ్మమ్మని స్టాన్లీ ఆసుపత్రిలో చేర్చారట. అమ్మ పనికి పోవాలి, అందుకని పగలంతా ఈ పిల్లే మంచం పక్కన. పన్నెండేళ్ళు దానికి. "నోట్స్ ఎవరి దగ్గర తీసుకుంటావు?" అని అడిగితే కాసేపు క్లాసంతా చూసి, "మీ దగ్గరే మిస్" అంది.

మా క్లాసు గోడ మీద 'మనమంతా ఒకే కుటుంబం' అని రంగు కాగితాల అక్షరాలున్నాయి. జూన్‌లో నేనే చేయించాను. కాబట్టి దయచేసి పోస్టర్ ఐడియాలు చెప్పకండి. 'నేను రాకపోతే ఈ క్లాసుకి తెలుస్తుంది' అని ప్రతి పిల్లా అనుకోవాలంటే రోజూ చేయగలిగింది ఏముంది? చేసి చూసినవాళ్ళు చెప్పండి.

---

ఓఎమ్మార్_నాన్న
శుక్రవారం, రాత్రి 10:31

మా వాడి స్కూల్లో వారానికొకసారి హ్యాపీనెస్ పీరియడ్ పెట్టారండి. ఎలా ఉందిరా అని అడిగితే, "అది లెక్కల మిస్ పోర్షన్ పూర్తి చేసుకునే పీరియడ్ నాన్నా" అన్నాడు. చర్చకి నా వాటా ఇంతే. మిగతావాళ్ళు చెప్పేది చదువుతాను.

---

పాత_లెక్కల_మాస్టారు
శుక్రవారం, రాత్రి 11:05

అమ్మా, మీరు కనీసం ఆబ్సెంట్ వేశారు. నేను ఒకసారి ఆరు రోజులు రాని పిల్లవాడికి ఆరు రోజులూ ప్రెజెంట్ వేశాను. వాళ్ళ నాన్న వచ్చి అడిగితే గానీ తెలియలేదు. జార్జిటౌన్‌లో 34 ఏళ్ళు లెక్కలు చెప్పినవాడి సంగతి ఇది, కాబట్టి ముందు నిద్రపోండి.

రేపు ఇంట్లో కూర్చుని రిజిస్టర్ ముట్టుకోకుండా 43 మంది పేర్లూ కాగితం మీద రాయండి. ఏ వరుసలో గుర్తొస్తే ఆ వరుసలో. మొదటి పది మందీ మీకు ముద్దొచ్చేవాళ్ళో మిమ్మల్ని ఏడిపించేవాళ్ళో అయ్యుంటారు. ముప్పై దాటాక పెన్ను ఆగుతుంది. ఆగాక ఎంత గింజుకున్నా రాని పేర్లుంటాయి చూడండి, పని వాళ్ళ దగ్గర మొదలుపెట్టాలి.

ఇంకొకటి. ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగుతారు? అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో క్లాసుల్ని టేపు చేసి కొలిచింది. టీచర్లు సగటున ఆగేది ఒక్క సెకను! ఆ ఒక్క సెకనులో చెయ్యి లేచేది ఎప్పుడూ ఆ ఐదుగురిదే. కనీసం మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతాయనీ, ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళు విప్పుతారనీ తేల్చింది. మూడు సెకన్లు ఎంతలే అనుకుంటారు. చాక్‌పీస్ పట్టుకుని క్లాసు ముందు నిలబడి ఆగి చూడండి, తిరుమల క్యూలో నిలబడ్డట్టు ఉంటుంది.

---

ఏడోసి_మిస్
శనివారం, మధ్యాహ్నం 3:40

మాస్టారూ, రాశాను. 37 దగ్గర ఆగిపోయింది. కాఫీ తాగి వచ్చి కూర్చుంటే ఇంకొకటి వచ్చింది. ఐదుగురు రాలేదు. ఐదుగురూ మార్కుల్లో మధ్యలో ఉండేవాళ్ళు, అల్లరి లేదు, హోంవర్కు తెస్తారు, పేరెంట్స్ మీటింగ్‌కి ఎవరూ రారు. ఆ పిల్ల పేరు మాత్రం మొట్టమొదట రాశాను, నిన్నటి దెబ్బ వల్ల. లేకపోతే ఆరో పేరు అదే అయ్యేది.

---

ట్యూషన్_సార్_అంబత్తూరు
శనివారం, సాయంత్రం 6:15

నేనొక్కణ్ణే వేరేగా మాట్లాడుతున్నట్టుంది, అయినా చెప్తాను. 43 మంది, 40 నిమిషాల పీరియడ్, మధ్యలో సర్క్యులర్లు, యాప్‌లో ఎంట్రీలు. టీచరు ఎంతమంది మనసుల్లోకి తొంగి చూస్తుంది? బడి ఉన్నది చదువు చెప్పడానికి. పిల్లకి భిన్నాలు వచ్చేలా చేయండి, ఆత్మగౌరవం దానంతటదే వస్తుంది. నా దగ్గరికి తొమ్మిదో తరగతి వాళ్ళు వస్తారు, 'టీచర్ చాలా మంచిది సార్' అంటారు, మైనస్ ఐదులోంచి మైనస్ మూడు తీసేయమంటే దిక్కులు చూస్తారు. ఆ మంచితనం ఏం చేసుకోను?

---

బీఎడ్_రెండోయేడు
శనివారం, సాయంత్రం 6:52

సార్, 43 అనేదే అసలు తప్పు. విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో ఆరు నుంచి ఎనిమిది తరగతులకి 35 మందికి ఒక టీచరు ఉండాలని ఉంది. అదే చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. 'నీకు బుర్ర లేదు' అని నలుగురిలో అనడం కూడా అందులోకే వస్తుందని మా క్లాసులో చెప్పారు. కాబట్టి ఇది టీచరు దయ మీద ఆధారపడ్డ విషయం కాదు.

మేడమ్, మాకు సోషియోగ్రామ్ అని ఒకటి నేర్పారు. జేకబ్ మొరీనో 1930ల్లో మొదలుపెట్టినది. ప్రతి పిల్లకీ చీటీ ఇచ్చి, 'గ్రూప్ పని చేయాలంటే ఎవరెవరితో చేస్తావు, ఇద్దరి పేర్లు రాయి' అంటారు. తర్వాత మీరొక్కరే కూర్చుని బాణం గుర్తులు గీసుకోవాలి. ఎవరి వైపూ ఒక్క బాణమూ రాని పిల్లలు కనపడతారు. 'ఎవరు వద్దు' అని మాత్రం అడగకండి, మా బ్యాచ్‌మేట్ ప్రాక్టీస్ టీచింగ్‌లో అడిగితే ఇంటర్వెల్లో కొట్లాటయింది. చీటీలు క్లాసులో వదిలి రాకండి.

---

పులియాంతోపు_పిల్ల
శనివారం, రాత్రి 9:20

నాకు తెలుగు మాట్లాడేదే గానీ రాసేది రాదు. ఫోన్‌లో మాట్లాడితే అదే టైప్ చేస్తా ఉంది, తప్పులుంటే సర్దుకోండి. మా తాతలు నెల్లూరు వైపు నించి కార్పొరేషన్ పనికని వచ్చినారు. మా అమ్మ కూడా అదే పని, వీధులు ఊడ్చేది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. బడిలో మమ్మల్ని ఎగతాళిగా గొల్టి అంటారు, అంటే తెలుగోళ్ళని, ఊరికి పోతే మా చుట్టాలు అరవోళ్ళు వచ్చినారు అంటారు.

ఆరో క్లాసులో క్లాసు శుభ్రం చేసే డ్యూటీ లిస్టు గోడకి అంటించినారు. అందరి పేర్లూ వరసగా ఉండాయి, చూసేదానికి బాగానే ఉండింది. కానీ బాత్రూమ్‌లో నీళ్ళు పోసేది వస్తే మాత్రం మిస్ మా ముగ్గురి వైపు చూస్తాది. "మీకు అలవాటే గదా" అనింది ఒకసారి. కోపంగా కూడా అనలేదు, మామూలుగా అనింది. ఆ రోజు నించి నేను మా అమ్మ పని గురించి ఎవరికీ చెప్పలేదు. ఫారంలో 'కూలీ' అని రాసేదాన్ని.

ఎనిమిదిలో తమిళం అయ్యా ఒకాయన వచ్చినారు. క్లాసులో చెక్క బీరువా ఒకటి, దాంట్లో అరవై డెబ్బై కథల పుస్తకాలు. తాళంచెవి నా చేతికి ఇచ్చి, గురువారం గురువారం తెరవాలి, ఎవరు ఏది తీసుకున్నారో నువ్వే రాయాలి, నేను కూడా నిన్ను అడిగే తీసుకుంటా అన్నారు. అట్లే అడిగే తీసుకునేవారు. ఒక గురువారం నాకు జొరం, పోలేదు. శుక్రవారం పోతే ముగ్గురు నా మీదికి కొట్లాటకి వచ్చినారు, "ఎందుకు రాలేదే నిన్న, బీరువా తెరవలేదు" అని. నేను రాలేదని నన్ను ఎవరన్నా తిట్టింది అదే మొదటిసారి. ఇంటికి పోయి అమ్మకి చెప్పి నవ్వినా.

ఇప్పుడు మీరంతా పిల్లలకి పనులు ఇవ్వండి, బాధ్యతలు ఇవ్వండి అంటారు. చీపురు కూడా పనే, తాళంచెవి కూడా పనే. ఎవరికి ఏది ఇస్తా ఉండారో చూసి ఇవ్వండి, అంతే నేను చెప్పేది.

---

ఏడోసి_మిస్
శనివారం, రాత్రి 9:48

చదివాక మా క్లాసు డ్యూటీ లిస్టు ఫోటో తెరిచి చూసుకున్నాను. లిస్టు అందరికీ సమానంగానే ఉంది. లిస్టులో లేని పనులు ఎవరికి చెప్తున్నానో గుర్తు తెచ్చుకుంటున్నాను. నీళ్ళ డబ్బా మోయడానికి ఎప్పుడూ ఆ ఇద్దరినే పిలుస్తాను, 'బలంగా ఉంటారు' అని. స్టాఫ్‌రూమ్ నుంచి నోట్‌బుక్కులు తేవడానికి ఎప్పుడూ ఫస్ట్ ర్యాంకు అమ్మాయిని. ఎందుకో నాకే తెలియదు. చెప్పినందుకు థ్యాంక్సమ్మా.

---

బీఎడ్_రెండోయేడు
ఆదివారం, ఉదయం 8:30

2023 ఆగస్టులో తిరునెల్వేలి జిల్లా నాంగునేరిలో ఒక కుర్రాణ్ణి తోటి విద్యార్థులే ఇంట్లోకి చొరబడి నరికాక, బడుల్లో కులం గురించి జస్టిస్ చంద్రు గారి ఏకసభ్య కమిటీ వేశారు. 2024 జూన్‌లో నివేదిక ఇచ్చారు. కులం తెలిపే చేతి రంగు దారాలు, నుదుటి గుర్తులు వద్దని, పిల్లల్ని అక్షరక్రమంలో కూర్చోబెట్టాలని అందులో ఉంది. పులియాంతోపు అక్క చెప్పిన డ్యూటీ లిస్టు లాంటివి ఏ సర్క్యులర్‌కీ దొరకవు. లిస్టు సరిగ్గానే ఉంటుంది కదా.

---

యామిని_వాళ్ళమ్మ
ఆదివారం, ఉదయం 9:10

నివేదిక మీద గౌరవమే కానీ ఇంగ్లీషు అక్షరక్రమమంటే మా యామిని జీవితమంతా ఆఖరి బెంచీయే! ఎల్‌కేజీ నుంచి గ్రూప్ ఫోటోలో కూడా అంచునే ఉంటుంది.

నవ్వులాటకి కాదు గానీ, 2025 జులైలో ప్రభుత్వ బడుల్లో బెంచీలు తమిళ 'ప' అక్షరం ఆకారంలో వేయాలని సూచన వచ్చింది గుర్తుందా? మూడు వైపులా గోడల వెంబడి బెంచీలు, టీచరు మధ్యలో. ఆఖరి బెంచీ అనేదే ఉండదని. వెంటనే డాక్టర్లు మెడ తిప్పి చూడాలి, నొప్పులొస్తాయి అన్నారు. మా ఆడపడుచు కార్పొరేషన్ స్కూల్లో చేస్తుంది. ఆమె చేసింది ఇంకా సులువు. ప్రతి సోమవారం వరుసలు ఒకటి ముందుకి జరుగుతాయి, మొదటి వరుస వెనక్కి పోతుంది. ఇంతకీ తను గమనించిందేమిటంటే, వెనక బెంచీ మారినా తన కళ్ళు మారడం లేదట. మధ్య వరుసలో కుడివైపే చూస్తూ పాఠం చెప్తుందట. మొగుడితో మాట్లాడేటప్పుడు కూడా అంతే అని మా అన్నయ్య కంప్లయింటు.

---

మదనపల్లె_నుంచి_మాధవరం
ఆదివారం, మధ్యాహ్నం 12:25

ఏడోసి మేడమ్, హాజరు గురించి ఒక మాట చెప్పాల. నేను కార్పొరేషన్ స్కూల్లో ఏబీఎల్ (యాక్టివిటీ బేస్డ్ లెర్నింగ్) రోజుల్లో టీచరుగా చేరినోణ్ణి. తెలియనోళ్ళకి చెప్తా ఉండా: మా మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్ళు పల్లెబడుల కోసం కార్డులతో, నిచ్చెనలాంటి మెట్లతో ఒక పద్ధతి కట్టినారు. ఒకే గదిలో నాలుగు తరగతుల పిల్లోళ్ళు, ఎవురి మెట్టు వాళ్ళది. దాన్ని చూసొచ్చి 2003లో చెన్నై కార్పొరేషన్ 13 బడుల్లో మొదలుపెట్టినారు, తర్వాత రాష్ట్రమంతా ప్రభుత్వ ప్రాథమిక బడులకి పోయింది.

అందులో నాకు బాగా నచ్చినవి రెండు. ఒకటి, గోడ చుట్టూ పిల్లోళ్ళ ఎత్తుకి నల్లబల్ల. ప్రతి పిల్లోడికీ గీత గీసి కొంత జాగా. అది వాడిది. ఇంకోడు రాస్తే ఒప్పుకోడు. పెద్ద నల్లబల్ల టీచరుది, కింది బల్ల వాడిది. మధ్యాన్నం అన్నానికి పోతే కూడా వాడి అక్షరాలు అట్లే ఉంటాయి. రెండోది హాజరు. టీచరు పిలిచేది కాదు, పిల్లోళ్ళే వచ్చి చార్టులో తమ పేరు దగ్గర గుర్తు పెట్టుకుంటారు. ఖాళీగా ఉండే గడి అందరికీ కనపడతాది. "సార్, వాడు రాలేదు" అని చెప్పేది పిల్లోళ్ళే.

అన్నీ బాగున్నాయని చెప్పను. కార్డులు చిరిగినాయి, ఒక్కో మెట్టు దగ్గర పిల్లోళ్ళు నెలలు ఇరుక్కున్నారు, పెద్ద బడుల్లో టీచరుకి ఊపిరాడలేదు. తల్లిదండ్రులు హోంవర్కు లేదని ప్రైవేటుకి మార్చినారు. ఇప్పుడు పద్ధతి మారిపోయింది. ఆ కింది నల్లబల్లలు మాత్రం కొన్ని బడుల్లో ఇంకా ఉండాయి, పైన బెంచీలు ఆనించేసినారు.

---

సౌకార్‌పేట_శెట్టి
ఆదివారం, మధ్యాహ్నం 1:15

పేర్ల సంగతి ఎవరూ ఎత్తలేదే! మా తమ్ముడి కూతురు భార్గవి. గుంటూరు నుంచి నాలుగో క్లాసులో వచ్చింది. తమిళంలో ప, ఫ, బ, భ నాలుగింటికీ ఒకటే అక్షరం కదా, కొత్త మిస్ రిజిస్టర్ చూసి 'పార్కవి' అంది. పిల్లలు పట్టుకున్నారు. పార్కు, పార్కు అని. ఇనిషియల్ ఇంకో గొడవ. మనకి ఇంటిపేరు, ఇక్కడ నాన్న పేరు మొదటి అక్షరం. అక్కడ ఇంటిపేరుతో ఉన్న పిల్ల ఇక్కడ నాన్న అక్షరంతో ఇంకో మనిషైపోయింది. టీసీలో ఒకటి, ఆధార్‌లో ఒకటి, సరిచేయించడానికి మా తమ్ముడు చెప్పులరిగేలా తిరిగాడు.

మిస్ మంచావిడే. ఒక రోజు పిల్లని బోర్డు దగ్గరికి పిలిచి "నీ పేరు నువ్వు పలుకు, మేము నేర్చుకుంటాం" అంది. 'భా' అనడానికి క్లాసంతా పొట్టలు పట్టుకుని నవ్వుతూ ఒత్తి ఒత్తి పలికారట. ఆ తర్వాత పార్కు పోయింది.

---

ఆటో_అన్న_విల్లివాక్కం
ఆదివారం, రాత్రి 8:05

మా బాబుది ప్రైవేటు స్కూల్లో విద్యాహక్కు చట్టం కింద పేద పిల్లలకిచ్చే 25 శాతం సీటు. సంవత్సరానికి 2 లక్షల లోపు ఆదాయమని సర్టిఫికెట్ పెట్టి తెచ్చుకున్నాం. చదువులో ఇబ్బంది లేదండి. పుట్టినరోజుతోనే ఇబ్బంది. తోటి పిల్లలు క్లాసంతటికీ పెన్సిల్ బాక్సులు పంచుతారు. రెండో క్లాసులో వాడి పుట్టినరోజు నాడు పొద్దున్నే కడుపునొప్పి అన్నాడు. మూడో క్లాసులో కూడా అదే తారీఖున కడుపునొప్పి. అప్పుడు అర్థమైంది మాకు. స్కూలుకి చెప్తే 'ఎవరినీ తేవొద్దని మేం ఎలా అంటాం' అన్నారు. నాలుగులో వచ్చిన మిస్ మాత్రం ఒక్క మాటతో తేల్చేసింది: నా క్లాసులో పంచడాలు లేవు, పుట్టినరోజు ఎవరిదైతే వాళ్ళు ఆ రోజు చివరి పీరియడ్‌లో ఏ ఆట ఆడాలో చెప్తారు. మా వాడు కబడ్డీ అన్నాడు. ఆ రోజు చొక్కా చింపుకుని వచ్చాడు, వాళ్ళమ్మ ఏమీ అనలేదు.

---

మౌనంగా_ఉండే_వాడి_అమ్మ
ఆదివారం, రాత్రి 10:40

అందరూ బాగా చెప్పారు. నాదొక విన్నపం. మా అబ్బాయి మాట్లాడడు. బాధలో లేడు, భయమూ లేదు, వాడి తీరే అంత. ఐదో తరగతిలో ఒక మిస్ వాణ్ణి 'అందరిలో కలపాలని' రోజూ గుండ్రంగా కూర్చోబెట్టి ఈ రోజు నీ మనసులో ఏముందో చెప్పు అనేది. వాడు చెప్పేవాడు కాదు. "చూడండి పిల్లలూ, వీడికి మనం ధైర్యమివ్వాలి" అని చప్పట్లు కొట్టించేది. ఆ చప్పట్లకి వాడు బడికి పోనన్నాడు.

ఆరులో వచ్చిన పీటీ సార్ వాడితో ఏమీ మాట్లాడించలేదు. స్కోరు రాసే పుస్తకం చేతికిచ్చాడు. మ్యాచ్ అయ్యేవరకు వాడి మాటే వేదం. తను చెప్పాల్సింది రాసి చూపిస్తాడు. పిల్లల్ని కలపండి గానీ, పీక పట్టుకుని కలపకండి.

---

ఎనిమిదో_ఎ_సోషల్
సోమవారం, సాయంత్రం 5:30

ట్యూషన్ సార్ అన్న మాట మీద వస్తాను. చదువు వేరు, ఆప్యాయత వేరు అని విడదీయక్కర్లేదు. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో నల్ల, తెల్ల, మెక్సికన్ పిల్లల్ని ఒకే బడిలో కలిపితే గొడవలయ్యాయి. ఎలియట్ ఆరన్‌సన్ అనే సైకాలజిస్టు, ఆయన విద్యార్థులు కలిసి జిగ్‌సా అనే పద్ధతి తయారుచేశారు. పాఠాన్ని ఐదారు ముక్కలు చేసి, గ్రూపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్కే ఇస్తారు. మిగతా ముక్కలు మిగతావాళ్ళ నోటి నుంచే రావాలి. పరీక్ష అందరికీ మొత్తం పాఠం మీద. కాబట్టి నీకు నచ్చని పిల్ల చెప్పేది కూడా నువ్వు వినాల్సిందే.

గొప్పగా ఉందని మొదటిసారి చేశాను, ఘోరంగా పోయింది. ఒక పిల్లవాడికి చదవడం సరిగా రాదు. వాడి ముక్క వాడికే అర్థం కాలేదు. గ్రూపులో తతతత అన్నాడు, నలుగురూ "నీ వల్ల మా మార్కులు పోయాయి" అన్నారు. కలపబోయి ఇంకా విడగొట్టాను. తర్వాత తెలిసింది, నేను మధ్య మెట్టు దాటేశానని. ఒకే ముక్క వచ్చినవాళ్ళంతా ముందు ఒకచోట కూర్చుని కలిసి చదువుకోవాలి, ఎలా చెప్పాలో రిహార్సల్ చేసుకోవాలి, ఆ తర్వాతే సొంత గ్రూపుకి పోవాలి. రెండోసారి ఆ పిల్లవాడు మూడు వాక్యాలు చెప్పాడు. మూడూ కరెక్టు. రెండు పీరియడ్లు పడుతుంది, అది మాత్రం నిజం. నెలకొక పాఠం చేస్తున్నాను, అంతకు మించి నా వల్ల కాదు.

---

ట్యూషన్_సార్_అంబత్తూరు
సోమవారం, రాత్రి 9:15

సరే, రెండు పీరియడ్లకి మూడు వాక్యాలు. నా అభిప్రాయం మారలేదు. కానీ మేడమ్ మొదటి పోస్టులో ఒక మాట నన్ను వదలడం లేదు. నోట్స్ ఎవరి దగ్గరంటే 'మీ దగ్గరే మిస్' అన్నది. అది మనసుకి సంబంధించిన సమస్య కాదు, ఏర్పాటుకి సంబంధించింది. ప్రతి పిల్లకీ ఇద్దరిని కట్టండి. ఒకరు రాకపోతే మిగతా ఇద్దరిలో ఒకరు ఆ రోజు నోట్స్ రెండో కాపీ రాయాలి. నా ట్యూషన్లో ఇదే పద్ధతి, లేకపోతే రాని పిల్లలకి మళ్ళీ నేను చెప్పుకోవాలి. స్నేహితుల్ని కట్టకండి, ఇద్దరూ కలిసే ఎగ్గొడతారు.

---

పాత_లెక్కల_మాస్టారు
సోమవారం, రాత్రి 9:32

అభిప్రాయం మారని మనిషి ఇంత మంచి సలహా ఇస్తే నాకు అభ్యంతరం లేదు.

---

ఏడోసి_మిస్
మూడు వారాల తర్వాత, శనివారం, ఉదయం 11:20

మీరంతా చెప్పినవాటిలో చేసినవీ చేయలేనివీ చెప్తాను.

నంబర్లు మానేశాను. పేరుతో పిలుస్తున్నాను, తలెత్తి చూస్తున్నాను. మొత్తం మూడు నిమిషాలు ఎక్కువ పడుతోంది. హెచ్ఎం గారు తలుపు దగ్గర నిలబడి చూసి వెళ్ళిపోయారు, ఏమీ అనలేదు. తెలుగు పేర్లు, ఉర్దూ పేర్లు ఎలా పలకాలో వాళ్ళనే అడిగాను. ఒకబ్బాయి పేరు జూన్ నుంచి తప్పు పలుకుతున్నాను. "పర్వాలేదు మిస్, అలవాటైపోయింది" అన్నాడు. ఆ మాట బాగా గుచ్చుకుంది.

ట్యూషన్ సార్ చెప్పినట్టు ముగ్గురేసి జట్లు కట్టాను. 43 కదా, ఒక జట్టు నలుగురు. చీటీల బాణాలు చూసి, ఎవరి వైపూ బాణం రాని నలుగురిని నాలుగు వేర్వేరు జట్లలో పెట్టాను. బాగా నడిచినవి తొమ్మిది. ఒక జట్టులో గొడవ: ఒకబ్బాయి రాని పిల్లవాడి ఇంటికి ఫోన్ చేసి, ఎందుకు రాలేదో కనుక్కుని, వాళ్ళ నాన్న తాగి గొడవ చేశాడన్న సంగతి క్లాసంతా చెప్పేశాడు. నా తప్పే. నోట్స్ ఇవ్వాలి అన్నానే తప్ప కారణం అడగకూడదని చెప్పలేదు. ఆ పిల్లవాడితో, వాళ్ళమ్మతో మాట్లాడాను. ఇప్పుడు నియమం ఇది: 'ఎలా ఉన్నావు' అనొచ్చు, 'ఎందుకు రాలేదు' అనేది నేను మాత్రమే అడగాలి.

నీళ్ళ డబ్బా అందరికీ వంతుల మీద వస్తోంది. ఫస్ట్ ర్యాంకు అమ్మాయి మోస్తూ సగం వరండాలో ఒలకబోసింది.

ఆ పిల్ల సంగతి. ల్యాబ్‌లో సూక్ష్మదర్శిని బీరువా తాళం ఇచ్చాను. నేరుగా పులియాంతోపు అమ్మాయి దగ్గర కాపీ కొట్టాను, ఒప్పుకుంటున్నాను. స్లైడ్లు లెక్కపెట్టి పుస్తకంలో రాస్తుంది. ఎక్కువ మాట్లాడటం లేదు ఇంకా. మొన్న బి సెక్షన్ మిస్ తొందరలో నన్నడిగి స్లైడ్లు తీసుకుంది, రాయలేదు. మర్నాడు నా టేబుల్ దగ్గరికి వచ్చి పుస్తకం తెరిచి, "మిస్, రెండు తక్కువున్నాయి. మీరు ఇచ్చారా?" అంది. గొంతు గట్టిగానే ఉంది. సారీ చెప్పాను. సంతకం పెట్టించుకుంది.

అమ్మమ్మ ఇంటికొచ్చేసిందట.

మాస్టారూ, నిన్న రాత్రి మళ్ళీ పేర్లు రాశాను. ఇద్దరు రాలేదు. పాత ఐదుగురూ వచ్చారు. ఈ ఇద్దరూ పోయినసారి మొదటి ఇరవైలో ఉన్నవాళ్ళు.

---

పాత_లెక్కల_మాస్టారు
శనివారం, మధ్యాహ్నం 12:02

అంతేనమ్మా, మన కళ్ళు ఒకచోట కుదురుగా ఉండవు. నెలకోసారి రాస్తూ ఉండండి. నేను రిటైరయ్యే నెలలో రాస్తే ఒక్క పేరు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

---

పులియాంతోపు_పిల్ల
శనివారం, మధ్యాహ్నం 12:30

మిస్, ఆ తాళంచెవికి డూప్లికేట్ చేయించి పెట్టుకోండి. నేను ఒకసారి పారేసినా. బీరువా పగలగొట్టినారు.